ఆమ్లవర్షపు జాడ: పొగ వెంట నడచిన శాస్త్రము

నార్వే దేశపు దక్షిణభాగము కొండలు, సెలయేళ్ళు, సరస్సులతో నిండిన ప్రాంతము. అచ్చట కర్మాగారములు తక్కువ, జనసంఖ్యయు తక్కువ. అట్టిచోట నదులలోని సాల్మన్ చేపలు ఇరువదవ శతాబ్ది తొలిభాగము నుండి క్రమముగా తగ్గుచు వచ్చినవి. కొన్ని సరస్సులలో ట్రౌట్ అను చేపలు బొత్తిగా లేకుండ పోయినవి. నీరు చూచుటకు అద్దమువలె తేటగా ఉండెను. పరీక్షించి చూడగా అందు ఆమ్లగుణము హెచ్చుగా ఉన్నట్లు తేలినది. దాపున పొగగొట్టము లేదు, నదిలో కలియు మురికికాలువ లేదు. మరి ఆమ్లము ఎచ్చట నుండి వచ్చినది? అది వర్షముతో వచ్చుచున్నదేమోయని 1959లో ఆ దేశపు మత్స్యశాస్త్రజ్ఞుడు ఆల్ఫ్ డానెవిగ్ సూచించెను. వర్షముతో వచ్చినచో, వర్షములోనికి ఎట్లు వచ్చినదని మరియొక ప్రశ్న పుట్టును. ఈ రెండవ ప్రశ్నకు అందరును ఒప్పుకొనదగిన సమాధానము లభించుటకు ఇంచుమించు ఇరువది యేండ్లు పట్టినది. ఆ సమాధానమును చేరిన మార్గమే ఈ వ్యాసమునకు విషయము.

మాంచెస్టరు వాన

వర్షపునీటిని రసాయనశాలకు తెచ్చి శ్రద్ధగా పరిశోధించిన తొలివారిలో ముఖ్యుడు రాబర్ట్ ఆంగస్ స్మిత్. ఇతడు 1817లో స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించెను. జర్మనీలో సుప్రసిద్ధ రసాయనవేత్త లీబిగ్ వద్ద విద్య నేర్చి, మాంచెస్టరు నగరమున స్థిరపడెను. ఆనాడు మాంచెస్టరు నూలుమిల్లులకు, బొగ్గుపొగకు పేరొందిన పట్టణము. స్మిత్ ఆ పట్టణము లోపలను, వెలుపలను పడిన వర్షపునీటిని పోల్చిచూచి 1852లో ఒక పరిశోధన ప్రకటించెను. దూరపు పొలములలో పడిన వానలో అమ్మోనియా కర్బనితము, పట్టణపు పొలిమేరలలో అమ్మోనియా సల్ఫేటు, పట్టణము నడుమ స్వేచ్ఛాస్థితిలో గంధకికామ్లము ఉండునని అతడు కనుగొనెను. అనగా ఒక ఊరి గాలిలో ఏమి కలిసియున్నదో ఆ ఊరి వాననీరు చెప్పగలదన్నమాట.

ఆ కాలమున సోడా తయారుచేయు కర్మాగారములు హైడ్రోక్లోరిక్ ఆమ్లవాయువును గాలిలోనికి వదలుచుండెడివి. చుట్టుపట్ల చెట్లు, పైరులు మాడిపోవుచుండెడివి. దీనిని అరికట్టుటకై బ్రిటిషు పార్లమెంటు 1863లో ఒక చట్టము చేసెను. వెలువడు ఆమ్లవాయువులో నూటికి 95 పాళ్ళు నీటిలో పట్టి నిలుపవలెనని ఆ చట్టము ఆజ్ఞాపించెను. దీని అమలును చూచుటకు నియమింపబడిన మొట్టమొదటి తనిఖీ అధికారి స్మిత్ గారే. 1872లో ఆయన గాలిని గూర్చియు వర్షమును గూర్చియు ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. "ఆమ్లవర్షము" అను మాట అందు కలదు. అయినను ఆ గ్రంథమును శాస్త్రలోకము ఇంచుమించు నూరేండ్లపాటు మరచియుండెను. పొగను ఊరి సమస్యగా మాత్రమే చూచుటకు జనులు అలవాటుపడి యుండుట ఇందుకు ఒక కారణము.

పొడవైన గొట్టములు

పొగ ఊరి సమస్య అను భావము 1952 డిసెంబరులో లండను నగరమున జరిగిన ఘోరముతో మరింత బలపడెను. ఆ నెల 5వ తేదీ నుండి 9వ తేదీ వరకు నగరముపై గాలి కదలలేదు. సామాన్యముగా నేలకు దగ్గరి గాలి వెచ్చగాను, పైకి పోయినకొలది చల్లగాను ఉండును. వెచ్చని గాలి తేలికగుటచే పొగను తీసికొని పైకి పోవును. ఆ దినములలో ఇది తారుమారైనది. చల్లని గాలి క్రింద, వెచ్చని గాలి పైన మూతవలె నిలిచినవి. దీనిని ఉష్ణోగ్రతా విలోమము అందురు. ఇండ్ల పొయ్యిలలోని బొగ్గుపొగ, విద్యుత్కేంద్రముల పొగ ఆ మూత క్రిందనే చిక్కుకొనెను. ఆనాటి లెక్క ప్రకారము సుమారు 4,000 మంది మరణించిరి. తరువాతి పరిశోధకులు ఈ సంఖ్య 12,000 వరకు ఉండవచ్చునని అంచనా వేసిరి.

దీని ఫలితముగా 1956లో పరిశుద్ధవాయు చట్టము వచ్చినది. ఇండ్లలో పొగలేని ఇంధనము వాడుట, విద్యుత్కేంద్రములను నగరములకు దూరముగా కట్టుట, పొగగొట్టములను ఎత్తుగా నిలుపుట సాగినవి. ఎత్తైన గొట్టము వెనుక చక్కని గణితము కలదు. పొగ వెలువడు ఎత్తు రెట్టింపైనచో, నేలమీద దాని గరిష్ఠ సాంద్రత సుమారు నాలుగవ వంతునకు తగ్గును. కనుక 200 మీటర్లకు మించిన గొట్టములు లేచినవి. కెనడాలోని సడ్బరీలో ఒక నికెలు కర్మాగారము 1972లో 381 మీటర్ల గొట్టము కట్టెను. గొట్టపు చుట్టుపట్ల గాలి నిజముగనే బాగుపడినది.

కాని ఈ గణితములో సాంద్రతయే తగ్గినది, వాయువు తగ్గలేదు. విద్యార్థులు ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చును. నూటికి ఒకటిన్నర పాళ్ళు గంధకము గల బొగ్గు ఒక టన్ను కాల్చితిమనుకొందము. అందలి గంధకము 15 కిలోగ్రాములు. గంధకపు పరమాణుభారము 32, సల్ఫర్ డయాక్సైడు అణుభారము 64. కావున 30 కిలోగ్రాముల సల్ఫర్ డయాక్సైడు వెలువడును. అది గాలిలోని ఆమ్లజనితోను తేమతోను పూర్తిగా కలిసినచో సుమారు 46 కిలోగ్రాముల గంధకికామ్లమగును. దినమునకు పదివేల టన్నుల బొగ్గు కాల్చు కేంద్రము నుండి ఎంత వచ్చునో లెక్కించుట కష్టము కాదు. గొట్టము 50 మీటర్లున్నను, 250 మీటర్లున్నను ఈ మొత్తము మారదు. అది దిగుచోటు మాత్రము మారును.

పొలములలో పెట్టిన పాత్రలు

ఆ దిగుచోటు ఏదియో తెలిసికొను సాధనము, విచిత్రముగా, వ్యవసాయశాస్త్రము నుండి వచ్చినది. 1940వ దశకపు చివర స్వీడనులోని ఉప్సాలా వ్యవసాయ కళాశాలలో హాన్స్ ఎగ్నేర్ అను శాస్త్రజ్ఞుడు పనిచేయుచుండెను. వర్షముతో పైరులకు ఎంత నత్రజని, ఎంత గంధకము ఉచితముగా అందుచున్నదో లెక్కకట్టవలెనని ఆయన కోరిక. ఇందుకై ప్రయోగక్షేత్రములలో పాత్రలు పెట్టించి, వాననీటిని పట్టించి, నెలకొకమారు పరీక్ష చేయించెను. ఈ పద్ధతి నార్వే, డెన్మార్కు, ఫిన్లండులకు వ్యాపించెను. 1950వ దశకమున స్టాక్‌హోములోని ప్రసిద్ధ వాతావరణశాస్త్రజ్ఞుడు కార్ల్ గుస్టాఫ్ రాస్బీయు, ఎరిక్ ఎరిక్‌సన్ అను మరియొక శాస్త్రజ్ఞుడును ఇందులో చేరిరి. గాలి రాశులు ఖండములమీద ఎట్లు కదలునో రాస్బీ ఎరుగును. వాననీటిలోని లవణములు ఆ కదలికకు గుర్తులుగా ఉపయోగపడునని ఆయన భావించెను. పాత్రల కేంద్రములు క్రమముగా పశ్చిమ ఐరోపాలో పెక్కుచోట్ల వెలసినవి.

ఈ పనిలో గొప్ప సిద్ధాంతమేదియు లేదు. ఒకే తీరు పాత్ర, ఒకే తీరు పరీక్ష, నెల తరువాత నెల, ఏడు తరువాత ఏడు అంకెలు వ్రాసియుంచుట మాత్రమే. చేపలను గూర్చిగాని, దేశముల తగవులను గూర్చిగాని ఆనాడు ఎవరును తలచలేదు. అయినను పదునైదేండ్ల తరువాత ఆ పట్టికలే సాక్ష్యములైనవి.

ఆ పట్టికలను విప్పి చదివినవాడు ఉప్సాలాలోనే మృత్తికా శాస్త్రజ్ఞుడైన స్వాంటే ఓడెన్. 1961 నుండి నదుల, సరస్సుల నీటిని పరీక్షించు కేంద్రములను ఆయన నడిపించుచుండెను. వాననీటి పట్టికలను, సరస్సు నీటి పట్టికలను, వాతావరణ పటములను ఒకచోట పెట్టి చూడగా ఆయనకు మూడు విషయములు స్పష్టమైనవి. మొదటిది, ఆమ్లవర్షము ఒక్క ఊరికి సంబంధించినది కాదు. ఐరోపాలో చాలభాగము దానికి లోనైనది. 1950వ దశకపు నడుమ బెల్జియము, హాలెండుల చుట్టుపట్ల మాత్రమే బలముగానున్న ఆమ్లత, పదియేండ్లలో దక్షిణ స్కాండినేవియా వరకు వ్యాపించెను. రెండవది, వానతోబాటు సరస్సులును ఆమ్లమగుచున్నవి. మూడవది, గంధక, నత్రజని సమ్మేళనములు గాలిలో 100 నుండి 2,000 కిలోమీటర్ల వరకు ప్రయాణము చేయుచున్నవి.

1967 అక్టోబరులో ఓడెన్ ఈ విషయములను స్టాక్‌హోములోని ఒక దినపత్రికలో ప్రకటించెను. ఐరోపా దేశముల నడుమ తెలియకయే ఒక రసాయన యుద్ధము జరుగుచున్నదని ఆయన హెచ్చరించెను. శాస్త్రపత్రికలో వచ్చినచో కొందరు పండితులకే తెలియవలసిన సంగతి ఒక్క ఉదయమున దేశమంతయు చదివెను. 1972 జూనులో స్టాక్‌హోమున జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ మహాసభకు స్వీడను ప్రభుత్వము ఈ విషయమును గూర్చి ఒక నివేదిక సమర్పించెను. దానిని సిద్ధపరచిన శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడు బెర్ట్ బోలిన్.

గాలిబాటలు

అయినను ఇది ఒక పక్షపు వాదమేయని ఇతరదేశములు అనవచ్చును గదా. వానలో ఆమ్లమున్నదని చూపుట ఒకటి, అది ఎవరి గొట్టము నుండి వచ్చినదని చూపుట మరియొకటి. సల్ఫేటు కణము మీద దేశపు ముద్ర ఉండదు. ఈ చిక్కును విప్పుటకై 1972లో పదునొకండు పశ్చిమ ఐరోపా దేశములు కలిసి ఒక పరిశోధన ప్రారంభించినవి. పొగ పంపుచున్నదని నింద మోయుచున్న బ్రిటను, పశ్చిమజర్మనీలును అందు చేరినవి. పనిని సమన్వయపరచు భారము నార్వే వాయుపరిశోధన సంస్థ మీద పడినది. బ్రిన్యుల్ఫ్ ఒట్టార్ దానికి నాయకుడు.

పరిశోధన పద్ధతి ఇట్లుండెను. మొదట పటమును గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో ఏటా ఎంత బొగ్గు, ఎంత నూనె కాలుచున్నదో, దానినిబట్టి ఎంత సల్ఫర్ డయాక్సైడు వెలువడుచున్నదో లెక్కకట్టిరి. ఇది పద్దులో జమ వంటిది. పిమ్మట, పట్టణములకు దూరముగానున్న సుమారు 70 కేంద్రములలో ప్రతిదినము గాలిని వడపోత కాగితముద్వారా లాగి సల్ఫేటును, ద్రావణముద్వారా పంపి సల్ఫర్ డయాక్సైడును పట్టిరి. వాననీటిని గూడ పరీక్షించిరి. విమానములలో యంత్రములు పెట్టి సముద్రముమీది గాలిని కొలిచిరి. ఒక దేశపు అంకె మరియొక దేశపు అంకెతో సరిపోలవలెను గనుక, ఒకే నమూనాను అన్ని ప్రయోగశాలలకు పంపి, ఎవరి ఫలితము ఎంత తేడాగా వచ్చుచున్నదో చూచి సరిదిద్దిరి.

ఇక మిగిలినది జమకును ఖర్చునకును సంబంధము చూపుట. దీనికి గాలిబాటలను ఉపయోగించిరి. ఒక దినమున ఒక కేంద్రములో సల్ఫేటు హెచ్చుగా కానవచ్చినదనుకొందము. ఆ గాలి ఆరుగంటల క్రిందట ఎచ్చటనుండెను, పండ్రెండు గంటల క్రిందట ఎచ్చటనుండెను అని వాతావరణ పటములనుబట్టి వెనుకకు గీసికొని పోవచ్చును. నేలకు సుమారు 1,500 మీటర్ల ఎత్తున వీచు గాలుల వేగము, దిక్కు ఇందుకు ఆధారము. గంటకు 36 కిలోమీటర్ల వేగముతో వీచు గాలి ఒక దినములో 864 కిలోమీటర్లు పోవును. ఇంగ్లండులోని న్యూకాసిలు నుండి నార్వేలోని స్టవాంగరుకు దూరము 600 కిలోమీటర్లకు కొంచెమే ఎక్కువ. సల్ఫర్ డయాక్సైడు గాలిలో ఒకటి రెండు దినములు నిలుచును, సల్ఫేటు కణములు అంతకన్న హెచ్చుకాలము నిలుచును. కావున ఒక తీరమున లేచిన పొగ మరునాటికి రెండవ తీరమున వానగా దిగుటకు అడ్డమేమియు లేదు.

ఒక్క దినపు బాట పొరపడవచ్చును. గాలులు ఎత్తునుబట్టి వేరువేరు దిక్కుల వీచును, నడుమ వాన కురిసి కొంత ఆమ్లము కడుగబడును. కాని వేలకొలది బాటలు గీసి, కొలిచిన అంకెలతో పోల్చినప్పుడు పొరపాట్లు చాలవరకు ఒకదానినొకటి రద్దుచేసికొనును. 1977లో ఫలితములు వెలువడినవి. పదునొకండు దేశములలో అయిదింటిలో నేలకు దిగు గంధకములో సగమునకు పైగా పరదేశముల నుండి వచ్చినదే. నార్వే, స్వీడనులు ఆ అయిదింటిలోనివి. అయితే ప్రతిదేశమును ఇతరులకు పంపుచున్నది, ఇతరుల నుండి పుచ్చుకొనుచున్నది. నింద మోపిన దేశములు గూడ తమ పొగను తూర్పునకు పంపుచున్నట్లు తేలినది.

సంశయములు, సమాధానములు

బ్రిటను వెంటనే ఒప్పుకొనలేదు. సరస్సులు ఆమ్లమగుటకు భూమి వినియోగము మారుట, అడవులు పెరుగుట కారణములు కావచ్చునని కొందరు వాదించిరి. నార్వే శాస్త్రజ్ఞులలోను ఈ అభిప్రాయము గలవారు ఉండిరి. అర్థములేని వాదము కాదది. శుద్ధమైన వాననీరు గూడ గాలిలోని బొగ్గుపులుసు వాయువు కరగుటచే కొంత ఆమ్లముగానే ఉండును, దాని పి.హెచ్. సుమారు 5.6. పైగా ఒకే వాన పడినను ఒక సరస్సు చెడి, ఒక సరస్సు నిలుచుటయు కలదు. సున్నపురాతి నేలలో ఆమ్లము విరిగిపోవును. దక్షిణ నార్వే వంటి గ్రానైటు నేలలలో విరుగదు, పైగా మట్టిలోని అల్యూమినియము కరగి నీటిలో చేరి చేపల మొప్పలను చెరచును.

1983లో బ్రిటను, నార్వే, స్వీడను శాస్త్రపరిషత్తులు కలిసి సరస్సులను గూర్చి ఒక ఉమ్మడి పరిశోధన ఆరంభించినవి. దీనికి ధనమిచ్చినవి బ్రిటనులోని విద్యుత్ సంస్థ, బొగ్గు సంస్థలే. సరస్సుల అడుగుమట్టి ఇందు గొప్ప సాక్ష్యమిచ్చెను. డయాటములు అను సూక్ష్మమైన నాచుజీవులకు గాజువంటి పెంకులుండును. ఏ జాతి డయాటము ఎంత ఆమ్లతగల నీటిలో బ్రతుకునో తెలియును. అడుగుమట్టిని పొరలు పొరలుగా తీసి, ఒక్కొక్క పొర కాలమును నిర్ణయించి, అందలి పెంకులను లెక్కించినచో పూర్వకాలపు ఆమ్లత తెలియును. స్కాట్లండులోని ఒక సరస్సు 1850 ప్రాంతము నుండి, అనగా బొగ్గు వినియోగము పెరిగినకొలది, ఆమ్లమగుచు వచ్చినట్లు ఈ విధముగా తేలెను. స్మిత్ మాంచెస్టరు వానను పరీక్షించిన కాలమును అదియే.

అడవి నరికినచోట, నరకనిచోట, పైరు వేయనిచోట గూడ ఇదే వరుస కానవచ్చుటచే సంశయములు సన్నగిల్లినవి. 1986లో బ్రిటిషు ప్రభుత్వము తన పెద్ద విద్యుత్కేంద్రములు కొన్నింటిలో పొగనుండి గంధకమును తొలగించు యంత్రములు పెట్టుటకు నిశ్చయించెను.

ఒడంబడిక

ఈలోగా దేశముల నడుమ ఒప్పందములు సాగుచుండెను. 1977లో ఐరోపా అంతటికి సంబంధించిన వాయుపర్యవేక్షణ కార్యక్రమము మొదలయ్యెను. దానిని ఎమెప్ అని పిలుతురు. 1979 నవంబరు 13వ తేదీన జెనీవాలో, సరిహద్దులు దాటి దూరమేగు వాయుకాలుష్యమును గూర్చిన ఒడంబడికపై సంతకములు జరిగినవి. ఆనాడు ఐరోపా రెండు సైనిక కూటములుగా చీలియుండెను. అయినను తూర్పుదేశములు, పడమటి దేశములు, అమెరికా, కెనడాలు ఒక్క పత్రముపై చేవ్రాలు చేసినవి. ఆ ఒడంబడికలో తగ్గింపునకు అంకె ఏదియు లేదు. కలిసి కొలుతుము, అంకెలను పంచుకొందుము అను వాగ్దానమే ముఖ్యము. అంకెలు తరువాత వచ్చినవి. 1985లో హెల్సింకీ ఒప్పందము గంధకమును 1980 నాటికన్న నూటికి 30 పాళ్ళు తగ్గింపుమనెను. బ్రిటను, పోలండు వంటి దేశములు దానిలో చేరలేదు. 1994లో ఆస్లో ఒప్పందము మరియొక అడుగు వేసెను. ఏ నేల ఎంత ఆమ్లమును భరింపగలదో ముందు నిర్ణయించి, దానినిబట్టి ఏ దేశము ఎంత తగ్గింపవలెనో అది లెక్కకట్టెను. ఎమెప్ గళ్ళు మొదట 150 కిలోమీటర్లవి, పిమ్మట 50 కిలోమీటర్లవి అయినవి. గడి చిన్నదైనకొలది బాధ్యత స్పష్టమగును.

1980 నుండి నేటివరకు ఐరోపాలో వెలువడు సల్ఫర్ డయాక్సైడు నాలుగింట మూడువంతులకు మించి తగ్గినది. సరస్సులు కోలుకొనుచున్నవి, కాని మెల్లగా. నూరేండ్లు నేల పోగొట్టుకొన్న సున్నము ఒక్కనాడు తిరిగిరాదు. నార్వేలో పెక్కు నదులలో నేటికిని సున్నపురాతి పొడి కలుపుచున్నారు. అట్టి కొన్ని నదులకు సాల్మన్ చేపలు తిరిగి వచ్చినవి.

మన దేశమున

ప్రపంచ వాతావరణ సంస్థ కార్యక్రమములో భాగముగా భారత వాతావరణశాఖ 1970వ దశకము నుండి పది కేంద్రములలో వాననీటిని పట్టి పరీక్షించుచు వచ్చినది. వానిలో విశాఖపట్టణము ఒకటి. జోధ్‌పూరు, నాగపూరు, కొడైకెనాలు, శ్రీనగరు, పోర్టుబ్లెయిరులు మరికొన్ని. ఈ పట్టికలు ఒక ముఖ్యవిషయము చెప్పుచున్నవి. ఉత్తరభారతమున, ముఖ్యముగా జోధ్‌పూరు వంటి చోట్ల, ఎగురు దుమ్ములోని సున్నము ఆమ్లమును విరుచును. అందుచే వాన క్షారముగనే ఉండును. కాని సంవత్సరములు గడచినకొలది పెక్కు కేంద్రములలో పి.హెచ్. దిగజారుచు వచ్చినది. పాత పట్టిక లేకున్నచో ఈ మార్పు జరిగినట్లే తెలియదు. నగరముల గాలిని కొలుచు జాతీయ కార్యక్రమము 1984లో మొదలైనది. 1998లో భారతదేశముతోబాటు నేపాలు, బంగ్లాదేశ్, పాకిస్తాను, శ్రీలంక, భూటాను, మాల్దీవులు, ఇరానులు మాలే నగరమున ఒక ప్రకటన చేసినవి. సరిహద్దులు దాటు కాలుష్యమును కలిసి కొలువవలెననియే దాని సారాంశము.

జెనీవా ఒడంబడికకు మూలములు వెదకినచో, ఎరువు లెక్కకై ఎగ్నేర్ పొలములలో పెట్టించిన పాత్రల వరకు పోవలసియుండును. ఆ పాత్రలలోని నీటిని నెలనెలా సీసాలకు ఎత్తి పంపినవారికి తమ అంకె దేనికి పనికివచ్చునో తెలియదు. వారు ఒక్క నెలయు మానకుండుటయే తరువాతివారికి ఆధారమైనది. నేడు మన ఊళ్ళలో వ్రాసియుంచు వర్షపు, గాలి పట్టికలను గూడ రేపు ఎవరో విప్పి చూతురు. నడుమ ఖాళీలు ఉన్నచో ఆ ఖాళీలను పూరించుట అప్పుడు ఎవరి తరమును కాదు.